మావయ్య ఎయిర్‌గన్‌లో నూనె

మా మావయ్య తాళాలు బాగుచేసేవాడు. పొద్దస్తమానం విరగ్గొట్టిన తాళాలు, దొంగ తాళంచెవులు చూసీ చూసీ ఆయనకి మనుషుల్ని ఊరికే నమ్మే అలవాటు తప్పింది. గోడగడియారం కాస్త వెనకబడితే సెల్ అయిపోయిందేమో అని చూడడు, "దీన్ని ముట్టుకున్నదెవరు?" అని అడుగుతాడు. అందుకే మేమంతా వెనకాల ఆయన్ని డౌటు మావయ్య అనేవాళ్ళం. ముందర అనే ధైర్యం అత్తయ్యకొక్కదానికే ఉండేది.

ఆయనకి ఉన్న ఒకే మోజు ఎయిర్‌గన్. మందుగుండుతో పనిలేని తుపాకీ అది. లోపల గట్టి స్ప్రింగు ఉంటుంది. దాన్ని వెనక్కి నొక్కి ఆపి, మీట లాగితే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి చిన్న సీసం గుండుని తోస్తుంది. ఊరి చివర రేకుల షెడ్డులో మా క్లబ్బు ఉండేది. కాగితం మీద వలయాలు, వెనక ఇసుక బస్తాలు, అంతే. మావయ్య, ఆయన బావమరిది, నేను, ఇంకొందరం సెలవురోజుల్లో అక్కడ చేరేవాళ్ళం.

బావమరిది, అంటే అత్తయ్య తమ్ముడు, బస్సు డ్రైవరు. ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే వాదన. మావయ్యది గొట్టం మడిచే రకం. గొట్టాన్ని కిందికి వంచితే స్ప్రింగు నొక్కుకుంటుంది, గొట్టం వెనక భాగం తెరుచుకుంటుంది, గుండు వేలితో దూర్చి మూసెయ్యాలి. డ్రైవరుది గొట్టం కదలని రకం. స్ప్రింగు నొక్కడానికి కింద వేరే పిడి ఉంటుంది. గుండుని కుళాయి తిప్పినట్టు తిరిగే చిన్న బిరడా రంధ్రంలో వెయ్యాలి.

"ప్రతిసారీ గొట్టం వంచుతావు. అది ప్రతిసారీ అదే చోట కూర్చుంటుందని నీకేం నమ్మకం బావా? నువ్వు దేన్నీ నమ్మవుగా!" అనేవాడు డ్రైవరు.

"నా గుండు నా వేలికి తెలుసు. నీ బిరడాలో అది ఎలా పడుకుందో నీకు తెలుసా? వంకరగా పడితే వంకరగానే పోతుంది," అనేవాడు మావయ్య.

నిజానికి మావయ్య అనుమానమే ఆ తుపాకీకి మేలు చేసింది. స్ప్రింగు చివర్లు గరుకుగా ఉన్నాయని నునుపుగా అరగదీశాడు. స్ప్రింగు లోపల అటూ ఇటూ ఊగకుండా కొత్త కడ్డీ చేయించి బిగించాడు. పిస్టన్ వాషరు మార్చాడు. గొట్టం మడత దగ్గర బోల్టు వదులైందేమోనని ప్రతిసారీ చూసేవాడు. మీట లాగినప్పుడు ఇదివరకు మంచం స్ప్రింగులా జంయ్‌మనేది, ఇప్పుడు తలుపు మెత్తగా వేసినట్టు 'ధబ్' మనేది. గుండ్లన్నీ చొక్కా గుండీ అంత మేర పడేవి.

ఆ ఏడాది క్లబ్బు పోటీలో మావయ్య మొదటి గుండు కాల్చాడు. 'ధబ్' రాలేదు. ఫట్‌మని చెవులు గింగుర్లెత్తాయి. గొట్టం చివర సన్నగా పొగ. గుండు కాగితం పై అంచుకు తగిలింది. రెండోది ఇంకా పైకి, మూడోది ఎక్కడికి పోయిందో ఇసుకకే తెలియాలి.

మావయ్య గొట్టం వంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన వాసన.

"నూనె," అన్నాడు. "గాలి గదిలో ఎవడో నూనె పోశాడు."

ఆ గదిలో నూనె ఉంటే, పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి అది భగ్గుమంటుంది. గుండు ఒక్కోసారి ఒక్కో వేగంతో పోతుంది. వాషరు చెడుతుంది, స్ప్రింగు విరిగినా విరుగుతుంది. ఇది తెలిసినవాడెవడూ అక్కడ చుక్క కూడా వెయ్యడు.

మావయ్య మెల్లగా బావమరిది వైపు తిరిగాడు. "మొన్న భోజనానికి వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ కావాలని మీ అక్క దగ్గర నా తుపాకీ ఉండే బీరువా తాళంచెవి తీసుకున్నావు కదూ?"

"తీసుకున్నా. అయితే?"

"అయితే ఏముంది. తాళం పగల్లేదు. తెరిచినవాడి దగ్గర తాళంచెవి ఉంది."

డ్రైవరు తన తుపాకీని సంచిలో పెట్టుకున్నాడు. "నీతో గెలవడానికి నాకు నూనె కావాలా బావా?" అని ఒక్క మాట అని, తన వంతు కాల్చకుండానే వెళ్ళిపోయాడు.

నేను మావయ్యతో ఇంటికి వెళ్ళాను. ఆయన అత్తయ్య కుట్టుమిషనుని పక్కకి జరిపి, అదే బల్ల మీద తుపాకీ విప్పాడు. పిస్టన్ మీద పల్చటి, రంగులేని నూనె.

"చూశావా వాడి తెలివి? బస్సు ఇంజనాయిలు వాడితే దొరికిపోతానని మిషను నూనె వాడాడు."

అత్తయ్య చేతిలో బట్ట పక్కన పెట్టింది. "వాడు కాదు. నేనే వేశాను."

మావయ్య నవ్వాడు. "తమ్ముడి మీద ప్రేమ ఉండొచ్చు. ఇంత అబద్ధమా?"

"అబద్ధమెందుకు చెప్తానండీ? మీ వస్తువు నేనే పాడుచేశానని చెప్పుకుంటే నాకేమొస్తుంది?"

"వాడికి నా కోపం తప్పుతుంది."

అత్తయ్యకి ఒళ్ళు మండింది. "బిగించండి. ఎలా వేశానో చూపిస్తా."

మావయ్య శుభ్రం చేసి బిగించి ఇచ్చాడు. అత్తయ్య తుపాకీ మడమని తొడకి ఆనించి, గొట్టాన్ని ఒక్క ఊపులో వంచింది. ఒక చేత్తో గొట్టాన్ని అలాగే అదిమిపట్టి, రెండో చేతి వేలితో గాలి బయటికొచ్చే చిన్న రంధ్రం చూపించింది. "ఇదిగో, ఇక్కడ. వంచినప్పుడు కీచుమంటోంది, మిషనుకి వేసినట్టే వేశా. పిస్టన్‌లోకి పోతుందని నాకేం తెలుసు?"

మావయ్య రంధ్రం చూడటం లేదు. అత్తయ్య చేతులు చూస్తున్నాడు. "నీకు ఇది వంచడం ఎప్పుడొచ్చింది?"

అత్తయ్య గొట్టాన్ని జాగ్రత్తగా వెనక్కి తెచ్చి మూసింది. తర్వాత చెప్పింది. ఆయన దుకాణానికి వెళ్ళాక, కుట్టుపని లేని మధ్యాహ్నాలు, పెరటి గోడకి అట్టపెట్టె ఆనించి కాల్చేదట. కీచుమంటే పక్కింటావిడ తొంగి చూస్తుందని నూనె వేసిందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు నేర్పారంటారు, ఎందుకు నేర్పారంటారు, దాన్లో వాడి లాభమేంటంటారు. మీరు ఆగుతారా?"

మర్నాడు మావయ్య నన్ను వెంటబెట్టుకుని బస్సు డిపోకి వెళ్ళాడు. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు.

"ఒరేయ్, పొరపాటైంది."

"ఎవరిది?"

"నాదే. మీ అక్క చెప్పింది."

"అక్క చెప్పకపోతే?"

బస్సుకి టైమైందని డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు.

కొన్ని నెలలు అతను ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాత వచ్చాడు గానీ, తన తుపాకీ సంచిని కాళ్ళ మధ్యే పెట్టుకుని భోంచేసేవాడు. క్లబ్బులో మావయ్య పక్కనుంచి నడిచినా, తన తుపాకీ గురి సరిచేసే మరలు ఒకసారి తడుముకునేవాడు. మావయ్యకి అది కనపడేది.

అత్తయ్య క్లబ్బులో చేరింది. తనకి గొట్టం కదలని రకమే కావాలంది. "ఇది మీ తమ్ముడు ఎక్కించిన మాటే," అన్నాడు మావయ్య, అనేసి నాలిక కరుచుకున్నాడు. పాతది ఒకటి సంపాదించి, తనకి నచ్చని ఆ తిరిగే బిరడాని కూడా ఓపిగ్గా సానపట్టి, రంధ్రం గొట్టంతో సరిగ్గా కలిసేలా కూర్చాడు.

అది అత్తయ్య చేతికి వెళ్ళకముందే డ్రైవరు అడ్డంపడ్డాడు. "ముందు నన్ను చూడనీ అక్కా."

మావయ్య కళ్ళముందే బల్ల మీద దాన్ని విప్పాడు. స్ప్రింగు చూశాడు, వాషరు చూశాడు, పిస్టన్‌ని వాసన చూశాడు. మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో భాగం బల్ల మీదకి వస్తుంటే ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. వెతకడానికి ఇంకేమీ మిగలక, డ్రైవరు మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. స్ప్రింగుని ఒక్కడే అదిమి పట్టుకోలేకపోతుంటే, మావయ్య వంగి రెండో కొన పట్టుకున్నాడు.