బుగ్గోడికి మేలురకం దూది

మా నాన్న పరుపులు కుడతాడు. నలభై అయిదేళ్లుగా అదే పని, అదే కొట్టు. కొట్టు కింద, ఇల్లు పైన. అమ్మ పోయాక ఆయన్ని ఒక్కణ్నీ వదలలేక నేనూ మా అమ్మాయీ వచ్చి పై గదుల్లో ఉంటున్నాం. మా ఆయన దూరపు లారీలు నడుపుతాడు. నెలకు రెండుసార్లు వచ్చి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వెళతాడు. నేను సిటీ బస్సులో కండక్టర్ని. రోజంతా అరిచే ఉద్యోగం కాబట్టి నా గొంతూ, నా కోపమూ రెండూ పెద్దవే. నోట్లో గొణిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "గట్టిగా చెప్పండి, వినపడలేదు" అని రోజుకు వందసార్లయినా అంటాను.

మా నాన్న మాత్రం ఒక మాటను గట్టిగా కాదు కదా, గొణుగుతూ కూడా ఎన్నడూ అనలేదు. అది "తప్పు నాది" అన్న మాట. ఒకసారి పరుపు మంచం కన్నా జానెడు పొట్టిగా కుట్టి, మంచం కొలత తప్పని వడ్రంగి మీదికి తగాదాకు పోయాడు. దబ్బనం వేల్లో దిగితే గుడ్డ నేసినవాణ్ని తిట్టాడు. ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవచ్చు. నా దగ్గు సంగతి మాత్రం నవ్వుకునేది కాదు.

నాకు ఏడేళ్లప్పుడు దగ్గు పట్టుకుంది. బడి వదిలాక సాయంత్రం దాకా కొట్టులోనే ఉండేదాన్ని. అమ్మ గలేబులు కుట్టేది, నాన్న కర్రతో దూదిని కొట్టేవాడు, నేను ఆ గుట్టల్లో దొర్లేదాన్ని. గదంతా తెల్లటి దుమ్ము లేచేది. ఎన్నాళ్లకీ దగ్గు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. "పిల్లని ఆ గదిలో ఉంచకండి" అన్నాడాయన. ఇంటికొచ్చాక నాన్న, "దూదికి దగ్గేంటి? నేను పీల్చట్లేదా? ఇది చల్లనీళ్లు తాగుతోంది, అందుకే" అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి నాకు చల్లనీళ్లు బంద్. మండుటెండలో కూడా గోరువెచ్చని నీళ్లే. చాటుగా ఒక్క గుక్క తాగిన రోజున దగ్గు వస్తే, నా రోగం నేనే తెచ్చుకున్నానని దుప్పట్లో ముఖం పెట్టుకుని ఏడ్చేదాన్ని. కొట్టులో దొర్లడం మాత్రం ఎవరూ మాన్పించలేదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఛాతీ ఫొటో చూసిన డాక్టరు, "మీ ఇంట్లో దూది పని చేస్తారా?" అని అడిగాడు. పదిహేనేళ్లుగా నేను మోసిన నేరం నాది కాదని ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. "ఆయనెప్పుడైనా దబ్బనం పట్టాడా? దూది గురించి ఆయనకేం తెలుసు?" అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసింది. నేను ఇప్పటికీ రెండంతస్తులు ఎక్కితే దగ్గుతాను.

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నా డ్యూటీ ముగిసేసరికి సాయంత్రం అవుతుంది. బడి నుంచి వచ్చాక దానికి తోడు ఎవరూ లేరు. పెంచుకోవడానికి ఏదైనా తెచ్చిపెట్టమని ఏడాదిగా నా ప్రాణం తోడేసింది. చివరికి డిపో పక్కనున్న పెంపుడు జంతువుల కొట్టులో ఒక హామ్‌స్టర్‌ని కొన్నాను. పిడికిలంత ఉంటుంది. ఒంటి నిండా గోధుమరంగు బొచ్చు, మధ్యలో రెండు నల్లటి కళ్లు. మేమెవరమూ అంతకుముందు చీమను కూడా పెంచి ఎరగం. అందుకని కొట్టువాణ్ని అన్నీ అడిగాను. పగలు పడుకుంటుంది లేపొద్దన్నాడు, తిరగడానికి చక్రం పెట్టమన్నాడు, పడుకునే పక్కకి కాగితం ముక్కలు చింపి వెయ్యమన్నాడు. "కాగితమే, ఇంకేం వద్దు" అని రెండుసార్లు చెప్పాడు. ఆ మాటే నేను ఇంటికొచ్చి నాన్నకు మూడుసార్లు చెప్పాను.

పంజరం చూడగానే నాన్న చెయ్యి గుమ్మం పక్కనున్న కర్ర మీదికి పోయింది. ఆయన బతుకంతా ఎలుకలతో యుద్ధమే. కుట్టిన పరుపుకి రాత్రికి రాత్రే బొక్క పెట్టే జాతి అది.

"వెతికి వెతికి ఎలుకని తెచ్చావా నా ఇంటికి?" అన్నాడు.

"ఎలుక కాదు తాతా, హామ్‌స్టర్. తోక చూడు, ఎంతుందో" అంది మా అమ్మాయి.

"తోక కోసేస్తే ఎలుక ఎలుక కాకుండా పోతుందా?"

అది గింజలు ఎన్ని పెడితే అన్నీ బుగ్గల్లో కుక్కుకునేది. అప్పుడు దాని ముఖం ఒంటి కన్నా పెద్దగా కనిపించేది. అందుకని మా అమ్మాయి దానికి బుగ్గోడని పేరు పెట్టింది. మొదటి వారం వాడు మా అమ్మాయి వేలు రెండుసార్లు కొరికాడు. తర్వాత రెండు అరచేతులూ దొప్పలా పెట్టి ఎత్తుకోవడం నేర్చుకుంది. బడి నుంచి రాగానే చేతులు కడుక్కుని, పంజరం ముందు కూర్చుని, ఆ రోజు ఎవరితో పోట్లాడిందో అన్నీ బుగ్గోడికి చెప్పేది. నాతో చెప్పని సంగతులు కూడా చెప్పేది.

నాన్న పది రోజులు మూతి ముడుచుకునే తిరిగాడు. చక్రం కీచుమంటోంది, నిద్ర పట్టట్లేదని రోజూ సణుగుడే. ఒక పొద్దున చూస్తే చక్రం ఇరుసుకి కొబ్బరినూనె రాసి ఉంది. నేను కాదు, మా అమ్మాయి కాదు.

ఆ తర్వాత ఆయన పంజరం దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. బుగ్గోడు పక్క వేసుకోవడం చూసేవాడు. వాడు కాగితం ముక్కల్ని ఒక్కొక్కటే నోటితో మూలకి మోసుకెళ్లి, కాళ్లతో తొక్కి, మధ్యలో గుంట చేసి పడుకునేవాడు. నచ్చక లేచి, మొత్తం విప్పి, మళ్లీ మొదటి నుంచి కట్టేవాడు.

"పనివాడే" అన్నాడు నాన్న ఒకరోజు. ఇన్నేళ్లలో కొట్టుకొచ్చిన ఏ పనివాణ్నీ ఆయన ఆ మాట అనగా నేను వినలేదు. "పాపం, సరుకే బాగాలేదు వాడికి. కాగితం మీద ఎవరు పడుకుంటారు?"

"కాగితమే వెయ్యాలి నాన్నా. కొట్టతను చెప్పాడు."

"కొట్టతనికి పక్కల గురించి ఏం తెలుసే?"

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని పరిగెత్తాను. నా మీద నాకున్న కోపం ఇదొక్కటే.

మర్నాడు నేను బస్సులో ఉండగా ఆయన కాగితం మొత్తం తీసి పారేశాడు. అటక మీద దాచుకున్న మూటలోంచి మేలురకం దూది, పొడుగు పోగుది, ఎవరి పరుపులోనూ పెట్టకుండా దాచుకున్నది తీసి, రెండుసార్లు ఏకి, గింజ నలుసు లేకుండా చూసి పంజరంలో పెట్టాడు. మా అమ్మాయి, "అమ్మ వద్దంది కదా తాతా" అందట. "మీ అమ్మకి టికెట్లు కొట్టడం తెలుసు, దూది నాకు తెలుసు" అన్నాడట. ఇంటికొచ్చి చూసి అరిచాను. బుగ్గోడు అప్పటికే ఆ దూదిలో కూరుకుపోయి, ముక్కు మాత్రం బయటపెట్టి నిద్రపోతున్నాడు. నాన్న ముఖం చూడాలి, వెలిగిపోతోంది. "చూడు ఎలా పడుకున్నాడో. నువ్వు లేపితే నీదే పాపం" అన్నాడు. ఎదురుగా అంత హాయిగా నిద్రపోతున్నవాణ్ని లేపడానికి నాకూ మనసొప్పలేదు. ఊరుకున్నాను.

అయిదో రోజున బుగ్గోడు బయటికి రాలేదు. గింజలు అలాగే ఉన్నాయి. సాయంత్రం నేను వచ్చేసరికి మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. వాడి వెనక కాలు వాచి, పాదం నల్లగా అయిపోయింది.

"నేనే అమ్మా" అంది. "నిన్న చక్రం లోంచి తీసేటప్పుడు నేను గట్టిగా లాగానేమో."

"ఎవరన్నారు?"

"తాత."

కొట్టులోకి దిగాను. నాన్న తల వంచుకుని గలేబు కుడుతున్నాడు. "చక్రంలో ఇరుక్కుని ఉంటుంది" అన్నాడు తల ఎత్తకుండా. "చిన్నపిల్ల కదా, సరిగ్గా పట్టుకోదు."

నాకు చల్లనీళ్లు గుర్తొచ్చాయి. దుప్పట్లో ముఖం పెట్టుకుని ఏడ్చిన ఏడేళ్ల పిల్ల గుర్తొచ్చింది. నా కడుపు మండిన మంటకి ఆ కొట్టంతా తగలబడాల్సింది. ఆయన చేతిలోని గలేబు లాక్కుని అవతల పారేశాను. "లే. చెప్పులేసుకో. డాక్టరు దగ్గరికి నువ్వూ వస్తున్నావు" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

బుగ్గోడు బతికాడు, మూడు కాళ్లతో. అది ముందే చెప్పేస్తున్నాను, ఎవరినీ ఊరికే కంగారుపెట్టడం నాకు చేతకాదు. కానీ ఆ సాయంత్రం మాకు అది తెలియదు.

జంతువుల ఆసుపత్రిలో మా అమ్మాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నాన్నా నేనూ లోపలికెళ్లాం. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది. చిన్న పట్టకారుతో వాపులోంచి ఒక పోగును పట్టుకుని లాగింది. కంటికి సరిగ్గా ఆనని తెల్లటి పోగు. కాలి చుట్టూ ఏడెనిమిది చుట్లు తిరిగి, చర్మం కోసుకుని లోపలికి దిగిపోయింది.

"పంజరంలో దూది ఎవరు వేశారు?" అంది.

"నేనేనమ్మా" అన్నాడు నాన్న. అక్కడ కూడా ఆయన గొంతులో గర్వం పోలేదు. "ఆషామాషీ దూది కాదు. పొడుగు పోగు. ఎంత లాగినా తెగదు."

"అందుకే పెద్దాయనా" అంది ఆవిడ మెల్లగా. "తెగి ఉంటే కాలు మిగిలేది. ఇప్పుడు తీసెయ్యాలి. ఇంత చిన్న ప్రాణం, మత్తు తట్టుకుంటుందో లేదో చెప్పలేను."

"చక్రంలో ఇరుక్కుని..."

"చక్రం కాదు. చుట్టుకుంది దూది. రోజుల తరబడి బిగుసుకుంది."

ఆవిడ బుగ్గోణ్ని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. నాన్న ఆ బల్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. బల్ల మీద ఆ పోగు ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్లతో తీసి, అలవాటుగా రెండు చివరలా పట్టుకుని లాగి చూశాడు. తెగలేదు.

"బయట పిల్ల ఉంది" అన్నాను. "వాడు చస్తే తనే చంపానని అనుకుంటుంది. చచ్చేదాకా అనుకుంటుంది. అదెలా ఉంటుందో నాకు తెలుసు. నేను చెప్పను, డాక్టరమ్మ చేత చెప్పించను. వెళ్లి నువ్వే చెప్పు."

"చిన్నపిల్లకి ఇవన్నీ..."

"చెప్పకపోతే రేపే నా పెట్టె సర్దుకుంటాను. నువ్వూ నీ దూదీ ఉండండి."

పోగును బల్ల మీద పెట్టేశాడు. తర్వాత తలుపు తీసుకుని బయటికెళ్లాడు. నేను వెనకే వెళ్లి గుమ్మంలో ఆగాను. మా అమ్మాయి ఖాళీ పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన కుక్కని పట్టుకుని ఒకాయన, చిలక పంజరంతో ఒకావిడ ఉన్నారు. నాన్న బెంచీ మీద కూర్చోలేదు. మోకాళ్లు పట్టుకుని, దాని ముందు నేల మీద చతికిలపడ్డాడు.

"నువ్వేం చెయ్యలేదమ్మా" అన్నాడు. "నువ్వు వాణ్ని సరిగ్గానే పట్టుకున్నావు. నా దూది చుట్టుకుంది కాలికి."

"చక్రమన్నావుగా తాతా."

"అబద్ధం చెప్పాను."

అది ఆయన ముఖంలోకి చూసింది. పంజరాన్ని ఆయన వైపు నుంచి కొంచెం పక్కకు జరుపుకుంది. నాన్న ఆ జరపడం చూశాడు. తల ఇంకా కిందికి వంచి, నేలతో చెప్పుకుంటున్నట్టు గొణిగాడు.

"మీ అమ్మ దగ్గు కూడా దూదే."

పిల్లకి అర్థం కాలేదు. నాకు అయింది. గుమ్మం పట్టుకున్నాను. నాకు దగ్గు వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లు. ఏడ్పు వస్తుందనుకున్నాను గానీ, వచ్చింది కోపమే. పెళ్లికి ముందూ, అమ్మ పోయాకా నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన తిన్న కంచం కడిగాను, ఆయన ఎక్కే మెట్లే దగ్గుతూ ఎక్కాను. ఇప్పుడు ఆ మాట నేలకి చెబుతాడా?

వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"గట్టిగా చెప్పు నాన్నా" అన్నాను. "వినపడలేదు."

నాకు వినపడిందని ఆయనకు తెలుసు. కుక్కాయన, చిలకావిడ మా వైపు తిరిగారు. నాన్న తల ఎత్తాడు. నా కళ్లలోకి చూసి, అందరూ వినేలా మళ్లీ చెప్పాడు.