సొంత నెత్తురు సూది

మెట్‌పల్లి పాత వాడల్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ముందుగా కబురందేది అక్బరీ బేగానికే. పద్మశాలీల ఇల్లయినా, సాయబుల ఇల్లయినా ఆమెకు తేడా లేదు. చీర మోకాళ్ల పైకి దోపుకుని, చిన్న పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాచి, వాటి మీద పసిగుడ్డును బోర్లా పడుకోబెట్టి ఆమె నీళ్లు పోస్తుంటే గుక్కపట్టిన పిల్ల కూడా కాసేపటికి ఊరుకునేది. ఆ తర్వాత బాలింతకు ఒళ్లు రుద్ది, వేడినీళ్లు పోసి, నడుముకు బిగుతుగా బట్ట చుట్టేది. భర్త పోయాక కొడుకు షోయబ్‌ను పెంచి పెద్దచేసింది ఆ పనితోనే. పిల్ల కళ్లు పచ్చగా ఉన్నాయి, దవాఖానకు తీసుకుపొండి అని ఆమె అన్నదంటే మగవాళ్లు సైతం మారుమాట్లాడకుండా బయల్దేరేవాళ్లు. ఆమె మాటకు అంత విలువుండేది.

యాభై దాటాక నడుము ఎదురు తిరిగింది. నొప్పి నడుములో పుట్టి, పిరుదు మీదుగా ఎడమ పిక్క దాకా తీగలా గుంజేది. సర్కారు దవాఖానలో ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి చూశాడు. వెన్నుపూసల నడుమ కింది డిస్కు ఒకటి అరిగి పక్కకు ఉబ్బిందనీ, కొన్నాళ్లు వంగే పని మానేసి, తాను చూపించిన కసరత్తులు చేస్తే చాలామందికి తగ్గుతుందనీ చెప్పాడు.

"వంగుడు బంద్ జేస్తే నాకు పనేముంటది సారూ? పిల్లలకు నిలబడి నీళ్లు పొయ్యాల్నా?" అంది ఆమె. డాక్టరు తర్వాతి చీటీ అందుకున్నాడు. బయట వరుసలో జనం ఉన్నారు.

ఆటో నడిపే షోయబ్ ఫోన్లో ఒక ప్రకటన చూశాడు. కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన నడుము నొప్పుల క్లినిక్. కోత లేదు, కుట్టు లేదు, మీ రక్తమే మీకు మందు. అమ్మ వద్దంటున్నా వినకుండా, ఆమె చేతి బంగారు గాజులు అమ్మించి మరీ తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు ఓపికగా చెప్పాడు. చేతి నుంచి కొంచెం రక్తం తీసి యంత్రంలో గిర్రున తిప్పుతారట. పైకి లేత పసుపు నీరు తేలుతుంది. గాయాల్ని మాన్పే ప్లేట్‌లెట్లన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని సూదితో నేరుగా డిస్కులోకి ఎక్కిస్తారు.

"అందరికీ నొప్పి తక్కువైతదా సార్?" అని అడిగాడు షోయబ్.

"మీ అమ్మగారి సొంత రక్తం తమ్ముడూ, ఆమెకు ఎందుకు పడదు?" అన్నాడు డాక్టరు.

అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఆ సంగతి అప్పుడు తల్లీకొడుకులిద్దరికీ తట్టలేదు.

బోర్లా పడుకోబెట్టారు. ముందు తిమ్మిరి మందు ఇచ్చి, తెర మీద ఎముకల్ని చూస్తూ పొడుగాటి సూది దింపారు. లోపల ఏదో బరువుగా ఒత్తినట్టయింది, అంతే. కాసేపటికి లేచి నిలబడితే నొప్పి లేదు. కాలు గుంజడం లేదు. ఎన్నేళ్ల తర్వాతో అలా నిటారుగా నిలబడేసరికి అక్బరీ బేగానికి ఏడుపొచ్చింది. అక్కడ పనిచేసే హర్షిణి అనే అమ్మాయి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"రెండు మాటలు చెప్పండి ఆంటీ. మీలాంటోళ్లకు ధైర్యం వస్తది. ఒక్కసారి వంగి చూపిస్తారా?"

"నా పేరు అక్బరీ బేగం. మాది మెట్‌పల్లి. నేను చిన్నపిల్లలకు నీళ్లు పోస్త. నడుము నొప్పితోని మస్తు పరేషాన్ అయిన. గిప్పుడు జూడుండ్రి, నొప్పే లేదు," అని ఆమె వంగి రెండు చేతులూ నేలకు ఆనించింది. తిమ్మిరి మందు ప్రభావం ఇంకా పోలేదన్న మాట అక్కడున్న వాళ్లెవరూ చెప్పలేదు.

ఇల్లు చేరిన మర్నాటికే నొప్పి తిరిగొచ్చింది. ఫోను చేస్తే, మొదట్లో అలాగే ఉంటుంది, ఆరు వారాలు ఆగండి అన్నారు. ఆగింది. నొప్పి తగ్గకపోగా కుడికాలికి కూడా పాకింది. మళ్లీ ఫోను చేస్తే ఇంకొక సూది వేయాలన్నారు. అమ్మడానికి ఇంక గాజులు లేవు.

ఈలోగా ఆ వీడియో వాడంతా తిరిగింది. షోయబ్ కూడా ఆటో ఎక్కినవాళ్లకు గర్వంగా చూపించేవాడు. తల్లి మూలిగితే, "అమ్మీ, తక్కువైందని నువ్వే జెప్పినవు గదా. జర ఓపిక పట్టు," అనేవాడు. అంతమంది ముందు వంగి చూపించిన నడుము మళ్లీ పట్టేసిందని చెప్పుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. ముసుగుతన్ని మూలిగేది, తెల్లారి పిలిచిన ఇంటికి పోయేది.

గోడ అవతలి ఇల్లు పద్మలతది. మొగుడు ఓంప్రకాశ్ మరమగ్గం నడిపిస్తే, ఆమె పొద్దస్తమానం కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమె ముగ్గురు పిల్లలకూ నీళ్లు పోసింది అక్బరీ బేగమే. ఒకరోజు ఆమె నడుము పట్టుకుని వచ్చింది.

"అక్కా, నాకు గూడ నీ తీరుగనే కాలు గుంజుతుంది. గా సూదికి పోవాల్నా?"

పొమ్మని అక్బరీ బేగం అనలేదు. వద్దనీ అనలేదు. "డాక్టరైతే మంచిగ మాట్లాడుతడు," అంది. పద్మలతకు ఆ మాట చాలింది.

అదే వారంలో వాడలోని వెంకటి ఇంట్లో మనుమరాలికి నీళ్లు పోస్తూ చెంబు అందుకోబోయిన అక్బరీ బేగానికి నడుము కలుక్కుమంది. కాళ్లు రెండూ తన కాళ్లు కానట్టయిపోయాయి. నూనె ఒంటి పిల్ల జారింది. పక్కనే ఉన్న వెంకటి భార్య కనకవ్వ గబుక్కున అందుకోబట్టి దెబ్బ తగల్లేదు. కనకవ్వ ఒక్క మాట తిట్టలేదు. పిల్లను గుడ్డలో చుట్టుకుని, "రేపటి సంది మేమే పోసుకుంటం తియ్యి అక్కా," అంది. ఆ తర్వాత అక్బరీ బేగాన్ని ఎవరూ పిలవలేదు.

అప్పుడు గానీ షోయబ్ కళ్లు తెరవలేదు. తల్లిని వెంటబెట్టుకుని కరీంనగర్ పోయాడు. డాక్టరు ఈసారి కూర్చోమనలేదు.

"మందు మీ రక్తంలోంచి వచ్చిందే కదమ్మా. మీ రక్తంలోనే బలం లేకపోతే నేనేం చేయను?"

"సూది ఇయ్యకముందు నా నెత్తురు మంచిగనే ఉండె గద సారూ," అంది అక్బరీ బేగం. "సరే, నా నసీబు. గా వీడియో తీసెయ్యుండ్రి. నన్ను జూసి మంది వస్తుండ్రు."

"మీరు సంతకం పెట్టారు. అందులో మీరు చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం గాదు. గా దినం నొప్పి లేకుండె."

"మరింకేం?"

బల్ల వెనక హర్షిణి తలెత్తలేదు. షోయబ్ గొంతు పెంచితే కాపలా మనిషి వచ్చి బయటికి నడిపించాడు.

పద్మలతకు అదే క్లినిక్‌లో సూది వేసిన కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది. మంచం మీద పక్కకు ఒరగాలన్నా అరిచేది. ఇంకో దవాఖానలో చేర్పిస్తే డిస్కులో చీము పట్టిందన్నారు. వారాల తరబడి నరానికి మందు ఎక్కించారు. ప్రాణం దక్కింది గానీ, ఇంటికొచ్చాక కూడా మంచానికే పరిమితమైంది. కండెల మిషన్ మూలన పడింది.

అక్బరీ బేగం చూడ్డానికి వెళ్లింది. ఓంప్రకాశ్ మగ్గం ఆపాడు గానీ పలకరించలేదు. పద్మలతే మాట్లాడింది.

"నేను వీడియో జూసి పోలే అక్కా. ఫోన్లల్ల శానమంది శాన జెప్తరు. గోడ పక్కపొంటి నువ్వున్నవు. నొప్పి పోకుంటే నువ్వు నాకు జెప్తవనుకున్న."

"జెప్పాల్సుండె," అంది అక్బరీ బేగం. "సిగ్గయ్యింది పద్మా."

"నీ సిగ్గుకు నా నడుము పోయింది."

పద్మలత మెల్లగా, పళ్లు బిగబట్టి, గోడవైపు తిరిగింది. అక్బరీ బేగం ఇంటికొచ్చింది. వెనక మగ్గం మళ్లీ మొదలైంది.

ఇప్పుడామె ఎవరడిగినా నిజమే చెబుతుంది. అడగనివాళ్లకూ చెబుతుంది. వాడవాళ్లు విని ఊరుకుంటారు. మొన్నీమధ్య కోరుట్ల నుంచి ఒకామె నడుము పట్టుకుని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"నొప్పి పోలే చెల్లె, ఇంకింత ఎక్కువైంది. నువ్వు పోకు," అంది అక్బరీ బేగం.

వచ్చినామె ఫోను తీసి వీడియో పెట్టింది. అందులో వంగి నేలను తాకుతున్న మనిషినీ, ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"గీండ్ల మంచిగనే ఉన్నవు గదా. ఏమన్న లొల్లి అయిందా వాళ్లతోని? పైసలిస్తమని ఇయ్యలేదా?"

అక్బరీ బేగం కాదంది. పద్మలత సంగతి చెప్పింది. వచ్చినామె అన్నిటికీ తలూపి, ఫోను కొంగున ముడేసుకుని, కరీంనగర్ బస్సు ఎన్నింటికని అడిగింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడి, ఆమె సందు మలుపు తిరిగేదాకా అక్బరీ బేగం "పోకు చెల్లె, పోకు" అంటూనే ఉంది.