చెక్కగుర్రం అమ్ముడుపోయిన సాయంత్రం

మొన్న మా చిన్నమ్మాయి తన కొడుకు ఉయ్యాల తొట్టిని ఫోన్లో ఫొటో తీసి అమ్మకానికి పెట్టింది. సాయంత్రానికల్లా ఎవరో కొత్త జంట వచ్చి దాన్ని కారులో సర్దుకున్నారు. మనవడు గుమ్మంలో నిలబడి తొట్టికి టాటా చెబుతున్నాడు. నేను గబగబా వెళ్ళి వాడి చెయ్యి పట్టేసుకున్నాను. "ఏంటమ్మా, వాడెక్కడికి పోతాడు?" అని నవ్వింది మా అమ్మాయి. తను అప్పటికి పుట్టలేదు. వాళ్ళ అక్క ఎక్కడికి పోయిందో తనకు తెలియదు.

డెబ్భైల చివర్లో మేం మస్కట్‌లో ఉండేవాళ్ళం. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్సు గుమస్తా. దార్సైట్ కొండవాలున రెండు గదుల ఇల్లు. ఆ రోజుల్లో పిల్లల సామాను కొనాలంటే దుకాణాలు తక్కువ, ఉన్నవాటి ధరలు వింటే పిల్లలే వద్దనిపించేది. అందుకని ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదిరి అందరూ సెలవుమీద దేశాలకు బయల్దేరే ముందు ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి, కొందరు దొరసానులు కలిసి ఒక హాల్లో అమ్మకం పెట్టేవారు. మన పిల్లలు వాడి వదిలేసినవి ఉతికి, తుడిచి, పేరూ ధరా రాసిన చీటీ గుచ్చి వాళ్ళకు అప్పజెప్పాలి. అమ్ముడైతే కొంత వాళ్ళ సహాయనిధికి, మిగతాది మనకి. ఆ హాల్లో ఆడవాళ్ళను చూస్తే భలే నవ్వొచ్చేది. ప్రతివాళ్ళూ తమ సామాను ముందే తచ్చాడుతూ, అది తమది కానట్టు "ఎంత బాగుందో!" అని పైకే అనుకునేవారు. నేనూ అన్నాను. మా పెద్దదాని ఊలు స్వెట్టర్ని అలా మూడుసార్లు పొగిడాను. మస్కట్‌లో ఊలు స్వెట్టరు ఎవరు కొంటారు!

ఆ ఏడు మా ఆయనకు సలాలా దగ్గరి రైసూత్ రేవు పనికి బదిలీ అయింది. అంత దూరం సామాను మోసుకుపోలేక పెద్దదాని వస్తువులన్నీ అమ్మకానికి పెట్టాం. అందులో ఒక ఊగే చెక్కగుర్రం ఉంది. అదీ ఆ అమ్మకంలో కొన్నదే, ఒక చెవి విరిగింది. పెద్దదానికి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. "సలాలాలో ఇంకోటి కొంటాలే" అంటే బుద్ధిగా తలూపింది. ఏడవలేదు. ఏడవని పిల్లని చూసి నేను మురిసిపోయాను.

మా ఆయనకు డ్యూటీ ఉండి, సామాను దింపడానికి కంపెనీలో పనిచేసే కరీంనగర్ అన్నను తోడు పంపారు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. నన్ను చెల్లే అని పిలిచేవాడు. పెద్దదీ మాతో వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటాక తలుపులు తీశారు. జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. గుర్రాన్ని ఒక పెద్దవయసు ఒమానీ ఆయన కొన్నాడు. ఆయనా, నల్లటి అబాయాలో ఆయన భార్యా. మనవడికట. కరీంనగర్ అన్నే దాన్ని మోసుకెళ్ళి వాళ్ళ పికప్‌లో పెట్టొచ్చాడు. నేను స్వెట్టరు బేరంలో ఉన్నాను, నిజంగానే ఒకావిడ అడిగింది. అది తేలి కిందికి చూస్తే నా కొంగు పట్టుకుని ఉండాల్సిన పిల్ల లేదు.

మొదట కోపం వచ్చింది. బల్లల కింద చూశాను. వేలాడదీసిన గౌన్ల వెనక చూశాను. వరసగా పెట్టిన పిల్లల తోపుడు బళ్ళలో ఒక్కోటీ వంగి చూశాను. పిలుస్తున్నకొద్దీ నా గొంతు నాకే కొత్తగా వినిపించసాగింది. ఎవరో "వెనక నీళ్ళ తొట్టి మూత తీసుంది" అన్నారు. ఆసుపత్రిలో ఎన్నో చూసినదాన్ని, ఆ మాట విని కూడా మళ్ళీ బల్లల కిందే వెతకబోయాను. నాకంటే ముందు కరీంనగర్ అన్న పరిగెత్తాడు. చొక్కా విప్పి తొట్టిలోకే దిగిపోయాడు. నీళ్ళు ఆయన మెడదాకా వచ్చాయి. మునిగి నాలుగు మూలలా తడిమాడు. ఆయన తల పైకి తేలేవరకూ నేను ఏం ప్రార్థించానో గుర్తులేదు. ప్రభువా, ప్రభువా అన్న ఒక్క మాటే తిప్పితిప్పి అన్నాననుకుంటాను.

"లేదు చెల్లే, ఈడ లేదు" అన్నాడు రొప్పుతూ. తొట్టి గట్టు మీద కూర్చుని, ఉన్నట్టుండి తల కొట్టుకున్నాడు. "గుర్రాన్ని బండిల పెడ్తుంటే నా ఎనకనే వచ్చింది. లోపలికి పో బిడ్డా అన్న. పోయిందనుకున్న."

గేటు దగ్గర, పికప్ ఆగిన చోట, చిన్న చెప్పు ఒకటి పడి ఉంది.

గుంపులో ఎవరో "ఎత్తుకుపోయారు" అన్నారు. ఆ మాట అంటుకుంది. ఒకాయన కరీంనగర్ అన్న భుజం పట్టి, వాళ్ళెవరో నీకు తెలుసా అని గద్దించాడు. తడి బట్టలతో వణుకుతూ ఆయన నా వైపు చూశాడు. "ఈయన మా మనిషి, వదలండి" అని అరిచాను. అమ్మకం చూసుకునే దొరసాని మాటలేవీ పెట్టుకోకుండా తన జీపు తీసింది. ముసలాయన బర్కా వైపు ఊరని చెప్పాడట ఆవిడతో. నేనూ కరీంనగర్ అన్నా ఎక్కాం.

కొండల వైపు ఎండ వాలుతోంది. ఎదురొచ్చే ప్రతి బండినీ చూశాను. వెనక తెరిచి ఉన్న పికప్ ఒకటి గతుకుల్లో ఎగిరిపడుతూ పోతుంటే, అందులో బస్తాలు ఎలా దొర్లుతున్నాయో చూసి కళ్ళు మూసుకున్నాను. సీబ్ ఊరు దాటాక ఒక పికప్ లైట్లు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ ఎదురొచ్చింది. "గదే! గదే బండి!" అని కరీంనగర్ అన్న సగం బయటికి వంగాడు.

ముందు సీట్లో, అబాయా చాటున, నోటినిండా హల్వాతో మా పెద్దది కూర్చుని ఉంది.

నేను దాన్ని లాక్కుని ఒళ్ళంతా తడుముకుంటుంటే ముసలాయన దిగి నా మీద విరుచుకుపడ్డాడు. ఆయన గడ్డం వణుకుతోంది. "ఏమంటున్నాడన్నా?" అనడిగాను.

"పిల్లను గిట్లెట్ల ఇడిచిపెట్టినవ్ అంటుండు. బండి ఎనక దుప్పట్ల కింద పండుకున్నదట. పెట్రోలు కాడ ఆగితే లేసి కూసున్నదట. పడిపోతే ఏం గావాలె అని తిడుతుండు."

తిట్టనిచ్చాను. నా జన్మలో అంత హాయిగా ఎవరి తిట్లూ వినలేదు. ఆయన భార్య ఆయన్ని పక్కకు నెట్టి, నా తల తన భుజానికి ఆనించుకుంది. అప్పుడు ఏడ్చాను.

ముసలాయన గుర్రం తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు, పిల్లకిచ్చేద్దామని. నేను వద్దంటున్నాను. ఆయన వినడు. చివరికి పెద్దదాన్నే అడిగాం. "నాకొద్దు. గుర్రానికి రోజూ నీళ్ళు పెట్టాలని వీళ్ళకు తెలీదు. చెబుదామని వచ్చా" అంది. కరీంనగర్ అన్న ఆ మాటని హిందీ, అరబ్బీ కలిపి వినిపించాడు. ముసలాయన నవ్వలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, పిల్ల ఎత్తుకు వంగి, ఇన్షా అల్లా అన్నాడు.

పెద్దదానికి ఇప్పుడు తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. ఆ రోజు గురించి ఎన్నిసార్లు చెప్పినా, ఎవరో వేరే పిల్ల కథలా వింటుంది. దానికి అదొక మంచి నిద్ర, కాస్త హల్వా, అంతే. ఆ ఒక్క సాయంత్రాన్ని కాలం దాని చేత ఎప్పుడో దాటించేసింది. నన్ను మాత్రం ఇప్పటికీ కొంచెం కొంచెంగానే దాటిస్తోంది.