దర్జీగారి ప్రతిపక్షం

దర్జీగారు కోటు కుట్టారంటే భుజాల దగ్గర ముడత వెతికినా దొరకదు. చర్చి సంఘంలో ఆయన్ని అందరూ "ముందే మేస్త్రి" అనేవారు. పాపం నుంచి రక్షణ మనిషి ఎంచుకునేది కాదని, అది ఎవరికి దక్కాలో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించాడని ఆయన నమ్మకం. కదిలిస్తే చాలు, "అది ముందే అయిపోయిందండీ" అనేవారు. చెప్పిన రోజుకి బట్టలు అందనివాళ్లు ఊరుకుంటారా? "నా చొక్కా ఆలస్యం కూడా ముందే అయిపోయిందా మేస్త్రీ?" అని ఆటపట్టించేవారు. "ఆలస్యం నాది, కృప ఆయనది" అని నవ్వేసి కత్తెర అందుకునేవారు.

కొట్లో ఎదురెదురుగా రెండు మిషన్లు. ఒకటి ఆయనది, రెండోది కూతురిది. పెళ్లయి అదే వీధి చివర కాపురం ఉంటున్నా, పొద్దున్నే వచ్చి పనిలో కూర్చునేది. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని బైబిలు చదవడం నేర్పింది ఆయనే. అయితే నేర్చుకున్న పిల్ల తలాడించి ఊరుకునే రకం కాదు.

"దేవుడు తలుపు తడతాడని నువ్వే చెప్పావు కదా నాన్నా. తీసే వీలు నాకు లేకపోతే తట్టడం దేనికి?"

"పాపంలో చచ్చినవాడు లేచి తలుపు తీస్తాడా అమ్మా? ముందు వాణ్ని బతికించాలి. అది ఆయన పని."

"బతికించాక వద్దనే హక్కయినా ఉంటుందిగా?"

"అంత ప్రేమ చవిచూసి వద్దనేవాడెవడే?"

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయేవారు. ఆమె తమ్ముడు, ఇంటికి చిన్నవాడు, "మీ దేవుడితో నాకు పని లేదు" అనేసి చర్చి గడప తొక్కడం మానేశాడు. లారీ నడిపేవాడు. ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో పోయాడు. తండ్రి చేరేసరికి అంతా అయిపోయింది, పక్కన అక్క ఒక్కతే ఉంది. దేవుడు ఏర్పరచుకున్నవాడైతే ఎంత దూరం పారిపోయినా చేజారిపోడన్నది దర్జీగారి ఊరట. ఒకవేళ ఏర్పరచుకోలేదేమో అన్న భయం మాత్రం ఆయన భార్యతో కూడా పైకి అనలేదు.

ఇలా ఉండగా సంఘంలో ఇదే గొడవ ముదిరింది. మనిషి కృపను కాదనగలడంటే దేవుణ్ని చిన్నబుచ్చినట్టేనని పెద్దలు. కాదనలేకపోతే మనం ఉత్త కీలుబొమ్మలమేగా అని పడుచువాళ్లు. ఆరాధన అయ్యాక మెట్ల మీదే కేకలు. పాస్టరుగారు విసిగిపోయి, "రెండు పక్కల నుంచీ ఒక్కొక్కరు సభలో మాట్లాడండి, మిగతావాళ్లు నోరు మూసుకుని వినండి" అన్నారు. పెద్దల తరఫున దర్జీగారే. అవతలివాళ్లు ఆయన కూతుర్ని నిలబెట్టారు.

చర్చిలో పెద్దల బైబిలు తరగతికి ఆడవాళ్లు బోధించకూడదని ఏళ్ల తరబడి పట్టుబట్టిన మనిషి ఆయన. ఇంటికొచ్చి గింజుకున్నారు. "నా మీదికి నా బిడ్డనే ఉసిగొల్పుతారా?"

"నోరిచ్చింది మీరే. ఇప్పుడు ఉలిక్కిపడితే ఎలా?" అంది భార్య, ఆయన కోటుకి బ్రష్ వేస్తూ.

సభలో ఆయన బాగానే మాట్లాడారు. తర్వాత కూతురు లేచింది. ముందుగా తండ్రి వాదాన్ని ఎక్కడా వంకర చేయకుండా, ఆయన మరిచిపోయిన మాటలు కూడా కలిపి, ఆయనకంటే దిట్టంగా చెప్పింది. ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టింది. దర్జీగారికి కోపం ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. పక్కవాడు చెవిలో ఏదో గొణగబోతే "ఆగవయ్యా, విననీ" అని కసిరారు.

అప్పుడు ఆయన పక్షంవాడే, గడియారాల కొట్టు ఆసామి, లేచాడు. "మీ తమ్ముడు దేవుణ్ని వద్దనుకునే పోయాడు కదమ్మా. నీ లెక్కన వాడి గతేంటి?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నాకు తెలీదండీ. ఆసుపత్రిలో వాడు నా చెయ్యి పట్టుకుని, 'ప్రార్థన చెయ్యక్కా' అన్నాడు. చేశాను. చివర్లో పెదాలు కదిలాయి. ఆమెన్ అన్నాడో, మంచినీళ్లు అడిగాడో వినపడలేదు. అందుకే ఇంట్లో కూడా చెప్పలేదు. లేని ఆశ పెట్టినట్టవుతుందని. కానీ ఆమెన్ అనే వీలు ఆఖరి ఊపిరి దాకా దేవుడు వాడికి ఉంచాడు. నా నమ్మకం అంతే."

దర్జీగారు లేచి నిలబడ్డారు.

"ఆ ప్రార్థన అడగాలన్న బుద్ధి వాడికి దేవుడే పుట్టించాడు. నా మాట నేను మార్చుకోను. కానీ వాడి పక్కన ఆ ఘడియలో ఇది ఉంది, మనమెవరం లేం." గడియారాల ఆసామి వైపు తిరిగారు. "నా బిడ్డని అలా అడిగినందుకు నువ్వు క్షమాపణ చెప్పాలి." అతను తలొంచుకుని చెప్పాడు. దర్జీగారు కూర్చోలేదు. "పాస్టరుగారూ, పెద్దల తరగతి చెప్పడానికి దీన్ని మించినవాళ్లు మనలో లేరు. ఇన్నాళ్లూ అడ్డం పడింది నేనే. ఇక పడను."

రెండు కుటుంబాలు అలిగి వేరే సంఘానికి వెళ్లిపోయాయి. మిగతావాళ్లు ఉండిపోయారు. తరగతి ఆమెకిచ్చారు. దర్జీగారు ముందు బెంచీలో కూర్చుని ప్రతి వారం చెయ్యెత్తుతారు. ఆమె కూడా వదలదు. కొట్లో కొలతలిచ్చేవాళ్లతో మాత్రం ఛాతీ విరుచుకుని అంటుంటారు: "మా అమ్మాయి చెప్పేది తప్పండీ. కానీ ఎంత బాగా చెబుతుందో ఒక్కసారి వచ్చి వినండి."