పేరు పెట్టని బటన్లు

మొన్న కంటికి శుక్లాల ఆపరేషనయ్యాక, పది రోజులు ఫోను చూడొద్దని డాక్టరమ్మ చెబితే, మా కోడలు అందులో ఏదో నొక్కి, వేలు పెట్టినచోట ఉన్నది చదివి వినిపించేలా చేసింది. గ్యాసు బుక్ చేద్దామని వేలు పెడితే "బటన్" అంది, పక్కకి జరిపితే మళ్ళీ "బటన్" అంది, ఏం చేసే బటనో చెప్పదు. కోడలు నవ్వింది. నాకు మాత్రం మా పెద్దక్క భర్త, మా బావ, గుర్తొచ్చేడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మన అనకాపల్లిలో వీధికో కంప్యూటర్ సెంటర్ వెలిసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఎలమంచిలి నుంచి పరవాడ దాకా నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం నడవని ఆఫీసు లేదని చెప్పుకు తిరిగేవాణ్ణి. నిజానికి నడిచింది మూడు చోట్ల, అందులో ఒకటి మా తోడల్లుడి ఫొటో స్టూడియో, ఇంకొకటి మా చర్చి.

బావ బడిపంతులు. చక్కెర జబ్బుతో రెండు కళ్ళూ పోయి, ఏడాదిపాటు గుమ్మంలో కుర్చీ వదలకుండా కూర్చున్నాడు. ఆయన టైపు ఎంత చురుకో తెలిసిన పాస్టరు గారు, పాత బాప్తిస్మం రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇచ్చేరు. ఆ పనితోనే ఆయన మళ్ళీ మనిషయ్యేడు. అక్క పక్కన కూర్చుని చీకిపోయిన కాగితాలు చదివేది, ఆయన కొట్టేవాడు. తెర మీద ఉన్నది ఇంగ్లీషులో చదివి చెప్పే గొంతు నా సృష్టేనని చర్చిలో చెప్పుకున్నాను. అదెవరో హైదరాబాదు నుంచి తెచ్చిన నమూనా సీడీ, నలభై నిమిషాలకోసారి మూగబోయేది.

ఆ రిజిస్టర్ల ప్రోగ్రాంలో నేను చేసినవల్లా బటన్లే, వాటి మీద అక్షరాల బదులు బొమ్మలు: దాచడానికి ఫ్లాపీ, తుడవడానికి చీపురు, చుక్కచుక్కగా నేనే గీసేను. ఒక్కో బటనుకీ పేరు రాసే గడిలో నాలుగక్షరాలు కొడితే ఆ గొంతు చదివేది, కానీ అక్షరాలు పడితే బొమ్మ అందం పోతుందని ఖాళీగా వదిలేసేను. బావ మొదటిరోజే విని, "ఏట్రా బామ్మర్దీ, అందరూ బటన్లేనా? కన్నాక పేరెట్టాలని తెలీదేటి నీకు?" అని నవ్వేడు. వచ్చే వారం పెడతానన్నాను. ఆలోగా ఆయన లెక్క పట్టేసేడు: ఫారంలో చివరి గడి తర్వాత టాబ్ ఒకసారి నొక్కితే దాచేది, రెండుసార్లు నొక్కితే తుడిచేది. దేన్ని వాడినా ఫారం ఖాళీ అయి కొత్త పేరుకి సిద్ధమయ్యేది.

వానలు మొదలయ్యేక, చీపురు ముందుంటే చూడ్డానికి బాగుంటుందని రెండు బటన్లూ అటూ ఇటూ మార్చేను. ఆయనకి చెప్పడం మరిచేను. ఆ వానాకాలమంతా అక్క చదివింది, ఆయన కొట్టేడు, ప్రతి పేరునీ దాస్తున్నాననుకుని తుడిచేసేడు. మాడుగుల నుంచి ఒకావిడ సర్టిఫికెట్ కోసం వస్తే వెతికేరు, ఆ నెలల్లో ఎక్కించిన పేరు ఒక్కటీ లేదు. రిజిస్టరుంది కాబట్టి ఆవిడకి కాగితం దొరికింది.

పాస్టరు గారు రిజిస్టరు మూసేరు. బావే, "నా లెక్కే తప్పినట్టుంది అయ్యగారూ, కళ్ళు లేనోడికి ఈ పనెందుకు, ఇంకెవులికైనా సెప్పండి" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్నాను. బటన్లు మార్చింది నేనేనని చెప్పలేదు.

ఆ వారమే బటన్లన్నిటికీ పేర్లు పెట్టేను. రెండు రోజులు పట్టిందని అందరికీ చెప్పేను. పావుగంట కూడా పట్టలేదు. బావని కూర్చోబెడితే, ప్రతి బటనూ తన పేరు తను చెప్పుకుంది. "బాగుందిరా, ఎవులికైనా పనికొత్తాది" అని ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేసేడు. మళ్ళీ పెట్టలేదు.

ఇప్పుడు బటన్లకి పేర్లున్నాయో లేదో చూడ్డానికి కంపెనీల్లో ఉద్యోగాలే ఉన్నాయట, చూపులేని పిల్లలే కొందరు అవి చేస్తున్నారట. వినడానికి సంతోషంగానే ఉంటుంది, కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు. బావ చివరిరోజుల్లో ఆస్పత్రి మంచం మీద, అన్ని పేర్లూ తన లెక్క తప్పడం వల్లే పోయాయని అక్కతో చెప్పుకుని బాధపడ్డాడు. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. "పడుకో బావా" అన్నాను.