పెళ్లికూతురి పసుపు చీర

చింతగింజల జిగురు ఉడుకుతున్న వాసన నంద్యాలలోని మా వంటింట్లోంచి వరండా దాకా వచ్చేసింది. గంజిలా, కాస్త మాడినట్టుండే ఆ వాసనకు పక్కింటివాళ్లు ముక్కు మూసుకుంటారని తెలిసినా నేను స్టవ్ ఆపలేదు. బల్ల మీద జానెడు మట్టి పెళ్లికూతురు బొమ్మ ఒంటినిండా తెల్లసుద్ద పూతతో ఆరుతోంది. నేనేమో కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, ఐదు నిమిషాలకోసారి దాన్ని తాకబోయి నా చేతిని నేనే వెనక్కి లాక్కుంటున్నాను. యాభై దాటినా నాకు కుదురు రాలేదు.

ఆ బొమ్మ ఆళ్లగడ్డలో ఉండే మా జేజిది, అంటే మా నాయన తల్లిది. దసరా సెలవులివ్వగానే నన్ను బస్సెక్కించేవాళ్లు. దిగీ దిగగానే తడిసిన నల్లరేగడి వాసన, శిల్పుల వీధిలో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆగని ఉలి చప్పుడు, రాతిలోంచి సగం బయటికొచ్చి నిలబడిన దేవుళ్లు, జేజి ఇంట్లో పోపు పెట్టిన అలసంద గుగ్గిళ్లు, నెయ్యి కారే ఓళిగలు, అదే బొబ్బట్లు. శిల్పుల పిల్లలతో కలిసి, రాలిన రాతిముక్కలు ఏరుకుని అచ్చనగాయలాడటం నాకు అన్నిటికన్నా ఇష్టం. అరచేతులు గీసుకుపోయినా ఆట వదిలేదాన్ని కాదు.

జేజి ఇంట్లో మెట్లు కట్టి పెట్టే దసరా బొమ్మల కొలువుకు ఒక ఆచారముండేది. ఏటా పెళ్లికూతురు బొమ్మకు పాత రంగంతా తడిగుడ్డతో తుడిచేసి కొత్త పసుపు చీర కట్టాలి, అంటే మళ్లీ రంగు వేయాలి. పసుపంత దొంగ రంగు ఇంకోటి లేదు. ఎర్రమట్టి మీద నేరుగా వేస్తే బురదలా తేలుతుంది, ఒకేసారి మందంగా పూస్తే నెర్రెలిస్తుంది. ముందు జిగురులో కలిపిన తెల్లసుద్ద పూసి బాగా ఆరనివ్వాలి. దాని మీద పసుపును పలచగా మూడుసార్లు, ఒక్కోసారీ ఆరాక వేయాలి. చీర మడతలకు మసి వాడకూడదు, పసుపులో మసి కలిస్తే పాచిరంగు వస్తుంది. కాస్త కావిరంగు చాలు. ఇవన్నీ జేజి చేస్తుంటే చూసి నాకు కంఠతా వచ్చు.

నాకు పదేళ్లున్న ఏడు జేజి కళ్లకు పొర కమ్మింది. కుంచె నా చేతికిచ్చింది.

"ఎరుపు, నీలం అన్నీ మసగ్గానే ఉండాయి పాపా. పసుపొక్కటే ఇంగా తెలుస్తాంది. దాన్ని బాగా మెరిపియ్యి. మెట్ల మీద నా పెండ్లికూతుర్ని నేనే చూసుకోవల్ల" అంది.

ముసురు పట్టి, బొమ్మకు పూసిన సుద్ద ఎంతకీ ఆరదు. వీధిలోంచి పిల్లలు పిలుస్తున్నారు. నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది. జేజి ఉడికించి ఇచ్చిన సుద్ద గిన్నెను పెరట్లో పారబోసి, బొమ్మను కడిగి, ఎర్రమట్టి మీదే పసుపు మెత్తాను. అది ఆరకముందే చేతికందిన మసితో మడతలు గీసేశాను.

"అప్పుడే అయిపోయిందా? సుద్ద ఆరిందానే?"

"ఆరింది జేజీ!" అంటూనే గడప దాటాను.

సాయంత్రం పేరంటానికి ఆడవాళ్లు వచ్చారు. గుగ్గిళ్లు పంచుతున్నారు. జేజి మెట్ల ముందు కూర్చుని కళ్లు చికిలించి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, మళ్లీ పైనుంచి కిందికి వెతికింది.

"యాడుందే నా పెండ్లికూతురు?"

"ఆడనే ఉంది జేజీ, రెండో మెట్టు మీద."

చాలాసేపు అటే చూసింది. చివరికి చెంగుతో కళ్లు తుడుచుకుని, "అయితే పసుపు గూడా పోయిందిలే. నా కండ్ల పని అయిపోయింది" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. అందరి ముందూ తిడుతుందని భయపడి నోట్లో గుగ్గిళ్లు కుక్కుకున్నాను. మరుసటి ఏడు దసరాకు నేను వెళ్లేసరికి బొమ్మలపెట్టె మూటకట్టి సిద్ధంగా ఉంది. "కండ్లు లేనిదానికి కొలువెందుకు, మీ ఇంట్లో పెట్టుకోండి" అని మాకిచ్చేసింది. ఆ ఇంట్లో మళ్లీ కొలువు పెట్టలేదు. ఆ తర్వాత ఆమె బతికిన నాలుగేళ్లలో ప్రతి సెలవుకూ చెబుదామనుకునే వెళ్లాను, చెప్పకుండానే తిరిగొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇప్పుడు ఆళ్లగడ్డలో ఆ ఇల్లు లేదు. వీధిలో ఉలి చప్పుడు తగ్గి, రాతిని కోసే మిషన్ల రొద పెరిగింది. అచ్చనగాయలాడే పిల్లలూ కనబడరు.

మధ్యాహ్నానికి మూడో పూత ఆరింది. బొమ్మను అలమరలో రెండో అరలో పెట్టి, కళ్లద్దాలు తీసి, వీధి తలుపు దాకా వెనక్కి నడిచాను. అరలు, పుస్తకాలు, గోడ, అన్నీ ఒకటే మసక. ఆ మసక మధ్యలో పెళ్లికూతురు పసుప్పచ్చగా, వెతకాల్సిన పనే లేకుండా కనబడింది.

"జేజీ, ఆ పొద్దు నీ కండ్లకు పసుపు పోలేదు" అన్నాను ఎవరూ లేని ఇంట్లో, పైకే. "సుద్ద పారబోసింది నేనే."