మగ్గాలు ఆపిన నీరజ

లెక్కల పరీక్ష కోసం పదో తరగతి నీరజ సూరత్‌లోని పవర్‌లూమ్‌లన్నీ ఒంటిచేత్తో ఆపేసింది. సరే, అన్నీ కాదు, ఇంటి కింద షెడ్డులో వాళ్ల నాన్న నడిపేవి మాత్రమే. ఆ టకటకల్లోనే పెరిగిన పిల్ల. లెక్క చేస్తుంటే మగ్గంతో పాటు మడమ ఆడుతుంది, జడ కొస నోట్లోకి పోతుంది, జవాబు వచ్చేస్తుంది. పరీక్ష గదిలో చప్పుడుండదు. మడమ ఆగుతుంది, బుర్రా ఆగుతుంది. అర్ధసంవత్సర పరీక్షలో తప్పింది. "సులువు గణితం తీసుకో, పదకొండులో సైన్స్ మాట మరిచిపో" అన్నారు టీచరు. "మరిచిపోను" అని ఇంటికొచ్చి మెయిన్ స్విచ్ కట్టేసింది. జుట్టు నిండా దూదిపొట్టుతో వాళ్ల నాన్న కమలాకర్ మెట్లెక్కి వచ్చాడు.

"ఎవరే బంద్ చేసింది? సేఠ్ మాల్ అడుగుతుండు."

"నేనే నాయినా. పరీక్ష హాల్‌కు నీ మగ్గాలు మోసుకొస్తవా?"

ఆయన గడపలో కూలబడ్డాడు. "జర జల్దీ కానీ, బిడ్డా."

మడమను రెండో కాలికింద అదిమిపెట్టి, రోజూ కాసేపు ఆ నిశ్శబ్దంలోనే తప్పులు చేస్తూ నేర్చుకుంది. తర్వాతి పరీక్షలో గట్టెక్కింది.

"మగ్గాలు ఆపి పాసైనవట గదా?" అని పక్కింటి వెంకటవ్వ అడిగితే, నీరజ తల కూడా ఎత్తలేదు.

"నేనేం ఆపలే అవ్వా. కరెంట్ పోయింది."